సోడా కలిపితే వైన్ పల్చబడుతుందా? ఇంట్లో చేసుకునే ద్రాక్ష సోడా

క్రిస్మస్‌కు పది రోజుల ముందు పటమట నుంచి ఒక పెద్దావిడ మా ఓపీకి వచ్చారు. బీపీ చూపించుకోవడం అయ్యాక చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి మా ముందు పెట్టారు. విదేశంలో ఉన్న కోడలు ఫోనులో చెబుతుంటే మనవరాలు రాసి ఇచ్చిన కాగితం అది. ఇటలీ దేశంలో సాయంత్రం పూట తాగే ఎర్రని పానీయం తయారుచేసే పద్ధతి అందులో ఉంది. ఐసు ముక్కలు, సగం గ్లాసు ఎర్ర వైన్, సగం గ్లాసు సోడా, పైన ఒక కమలాపండు చక్రం. అంతే.

"పండుగ రాత్రి అందరికీ ఇద్దామనుకుంటున్నాం అమ్మా. సోడా సగం పోస్తారు కాబట్టి ఇది మందు కిందికి రాదంట గదా. మా ఆయన కూడా పుచ్చుకోవచ్చా?" అని ఆవిడ అడిగారు.

ఆమె భర్త మాకు తెలిసినవారే. ఆటోనగర్‌లో లారీల పని చేస్తూ ఇరవై ఏళ్ళు తాగారు. అప్పటికి పదకొండు నెలలుగా మానేశారు. రోజూ ఉదయం టిఫిను కాగానే భార్య చేతి మీదుగా ఒక మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. అది వాడుతున్న మనిషి కొద్దిపాటి మద్యం ముట్టినా ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టై, వాంతులు, గుండెదడ మొదలవుతాయి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ అడగకుండా ఆ గ్లాసు ఆయన చేతికి ఇచ్చి ఉంటే ఆ కుటుంబం పండుగ రాత్రి మా క్యాజువాలిటీలో గడిపేది.

ఆ దంపతుల అనుమతితోనే, పేర్లు లేకుండా ఈ సంగతి రాస్తున్నాం. ఇదే అనుమానం మరికొన్ని ఇళ్ళలోనూ ఉందని మాటల్లో తెలిసింది. అందుకే ఈసారి పాఠం ఈ ఎర్ర గ్లాసు గురించి. వద్దని చెప్పి ఊరుకోము. పిల్లలు, పెద్దలు, మానేసిన వారు కలిసి తాగగలిగే ద్రాక్ష సోడా ఎలా చేసుకోవాలో కూడా చెబుతాం.

ఆ కాగితంలోని పానీయం కథ

దీని పేరు స్ప్రిట్జ్. ఇటలీ ఈశాన్య భాగంలో, వెనిస్ నగరం ఉన్న వెనెతో ప్రాంతం దీని పుట్టిల్లు. 1815 నుంచి 1866 వరకు ఆ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. అక్కడి వైన్ ఘాటుగా ఉందని ఆస్ట్రియా సైనికులు, వర్తకులు అందులో కాసిన్ని నీళ్ళు చిలకరించమని అడిగేవారని చెబుతారు. వారు మాట్లాడే జర్మన్ భాషలో 'స్ప్రిట్జెన్' అంటే చిలకరించడం. ఆ మాటే పానీయానికి పేరుగా నిలిచింది. తరువాతి కాలంలో నీళ్ళకు బదులు సోడా వచ్చింది. ఇంట్లో సులువుగా చేసుకునే రకంలో ఎర్ర వైన్ కూడా వాడతారు.

పల్చన చేసుకోవాలన్న ఆ ఆలోచన చెడ్డదేమీ కాదు. మన ఇళ్ళలో చిక్కటి మజ్జిగలో నీళ్ళు పోసి, పలుచన చేసి, నిమ్మాకు వేసి తాగడం లేదా? చిక్కు వచ్చేదల్లా పల్చన చేయడానికీ, తగ్గించడానికీ తేడా మరిచిపోయినప్పుడే.

లెక్క వేసి చూద్దాం

మామూలు వైన్‌లో మద్యసారం నూటికి 12 పాళ్ళ దాకా ఉంటుంది. 150 మి.లీ. వైన్ పోశామంటే అందులో 18 మి.లీ. మద్యసారం, అంటే బరువులో సుమారు 14 గ్రాములు. దాని మీద 150 మి.లీ. సోడా పోశాం. ఇప్పుడు గ్లాసులో 300 మి.లీ. ఉంది, ఘాటు నూటికి 6 పాళ్ళకు దిగింది. నాలుకకు తేలికగా ఉంది. కానీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి లోపలికి వెళ్ళింది ఎంత? అదే 14 గ్రాములు. సోడా ఒక్క చుక్క మద్యాన్ని కూడా తీసివేయలేదు.

పోల్చడానికి మనవారికి బాగా తెలిసిన కొలతే చెబుతాం. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీలలో మద్యసారం నూటికి 42.8 పాళ్ళు. 30 మి.లీ. పెగ్గులో అది సుమారు 10 గ్రాములు. కాబట్టి ఆ అందమైన ఎర్ర గ్లాసు దాదాపు ఒకటిన్నర పెగ్గు బ్రాందీతో సమానం. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల మద్యాన్ని మాత్రమే వదిలించుకోగలదు. పైగా సోడా గ్యాసు వల్ల కొందరిలో మద్యం రక్తంలోకి మరింత త్వరగా చేరుతుంది. దాహం వేసి, తియ్యగా చల్లగా ఉందని రెండో గ్లాసు తీసుకునేవారి సంగతి మేము చెప్పనక్కరలేదు.

"ఎర్ర వైన్ గుండెకు మంచిదట గదా" అని అడిగేవారు ప్రతి నెలా ఒకరైనా ఉంటారు. 1991లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ఒక కార్యక్రమం తరువాత ఈ మాట ప్రపంచమంతా పాకింది. ఫ్రాన్సు దేశస్థులు కొవ్వు బాగా తింటున్నా గుండెజబ్బులు తక్కువని, అందుకు వైన్ కారణమని అప్పట్లో అనుకున్నారు. తరువాతి పరిశోధనల్లో ఆ నమ్మకం బలంగా నిలబడలేదు. ద్రాక్ష తొక్కలో మేలు చేసే పదార్థాలు ఉన్నమాట నిజమే. వైన్‌లోకి వచ్చే పాలు చాలా స్వల్పం. అవి కావాలంటే పండు తినవచ్చు. మద్యం క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి ఏ హానీ చేయని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

ఒకే మాట, రెండు సరుకులు

మన భాషలో ఒక చిక్కు ఉంది. తెలుగు బైబిలులో 'ద్రాక్షారసము' అన్నచోట చాలావరకు పులిసిన వైన్ అనే అర్థం. మన వాడుకలో 'ద్రాక్షరసం' అంటే అప్పుడే పిండిన పండు రసం. రెండింటికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. అందుకని ఎవరైనా "ఇది ద్రాక్షరసమే, పిల్లలకు పొయ్యండి" అన్నప్పుడు అది ఏ రసమో అడిగి తెలుసుకోవాలి. కానా విందులోని ద్రాక్షారసం ఎలాంటిదన్న చర్చ మా పని కాదు, దాన్ని పాస్టరు అయ్యగారికి వదిలేస్తున్నాం. మేము కాలేయం సంగతి చూసుకుంటాం.

ఇంకో తమాషా చూడండి. మన ఊళ్ళలో మద్యం దుకాణాన్ని 'వైన్ షాపు' అంటాం. లోపల అమ్ముడయ్యేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. అసలు వైన్ సీసా కొనేవారు తక్కువ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు మొదలుపెట్టిన పోరాటం సారా మీద. ఆ పోరాటం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ రోజుల్లో తాగుడంటే సారా ప్యాకెట్టు, బ్రాందీ సీసా. వైన్ ఎవరి కంటికీ ఆనలేదు. ఇంట్లో సీసా మూత వాసన కూడా సహించని తల్లులు, కేకు పక్కన పెట్టిన ఎర్ర గ్లాసును మాత్రం పండుగ మర్యాద కింద లెక్కకడతారు. మాకు ఎదురైన కుటుంబాలలో ఇది చాలాసార్లు చూశాం.

జాడీలో ఏం జరుగుతుంది?

కొన్ని ఇళ్ళలో క్రిస్మస్‌కు నెలా నెలన్నర ముందు నల్లద్రాక్ష, పంచదార, లవంగాలు, ఒక గుప్పెడు గోధుమలు జాడీలో వేసి గుడ్డ కట్టి ఉంచుతారు. దీన్ని 'ఇంటి వైన్' అని, కొందరు మొహమాటానికి 'జ్యూసు' అని అంటారు. ఈ జాడీ లోపలి సంగతి డెల్టా వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున తాటిచెట్టు నుంచి దించిన నీరా తీపి నీళ్ళలా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి అదే కల్లు అవుతుంది. గాలిలో, చెట్టు మీద, లొట్టిలో ఉండే ఈస్టు అనే కంటికి కనిపించని జీవులు ఆ తీపిని తిని మద్యంగా, గ్యాసుగా మారుస్తాయి. నీరా పులవకుండా ఉండాలని గీత కార్మికులు లొట్టి లోపల సున్నం పూస్తారు. ద్రాక్షపండు తొక్క మీద కూడా ఇలాంటి ఈస్టు ఉంటుంది. విజయవాడ వేడికి పిండిన రసం ఒకటి రెండు రోజుల్లోనే బుడగలు కట్టడం మొదలుపెడుతుంది.

లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే నూటికి ఒక పాలు మద్యసారం తయారవుతుంది. మామూలు ద్రాక్షలో ఉన్న తీపికే అది 8, 9 పాళ్ళ దాకా వెళుతుంది. మనం పంచదార కూడా పోశామంటే కొనే వైన్‌తో సమానం అవుతుంది. అంటే ఆ 'జ్యూసు' చాలా బీర్ల కన్నా ఘాటు. దాన్ని చిన్న గ్లాసుల్లో పిల్లలకు పోయడం, బాలింతకు బలమని పట్టడం రెండూ తప్పే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు మేము ఏ మోతాదునూ ఒప్పుకోము. ఇంకో ప్రమాదం ఏమిటంటే, పులుస్తున్న రసాన్ని గాజు సీసాలో పోసి మూత బిగిస్తే లోపల గ్యాసు పెరిగి సీసా పగులుతుంది. గాజు పెంకులు కంటికి తగలవచ్చు. చట్టం మాట కూడా ఒకటి ఉంది. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇల్లు కదా అని మినహాయింపు అనుకోకండి.

ఒక పళ్ళ డాక్టరు గారి ఉపాయం

పులవకుండా రసాన్ని నిలవ ఉంచడం ఎలాగో 1869లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వైన్‌ల్యాండ్ పట్టణంలో ఉండే థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే దంతవైద్యుడు చేసి చూపించాడు. ఆయన మెథడిస్టు సంఘస్థుడు. ప్రభు సంస్కారంలో మత్తు లేని రసం వాడాలని ఆయన పట్టుదల. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ అంతకు కొద్ది ఏళ్ళ ముందే వేడిచేస్తే ఈ సూక్ష్మజీవులు చనిపోతాయని నిరూపించాడు. వెల్చ్ ఇంట్లోనే ద్రాక్ష ఉడికించి, వడకట్టి, సీసాల్లో పోసి, మూతలు బిగించి, ఆ సీసాలను మరిగే నీళ్ళలో ఉంచాడు. రసం పులవలేదు. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తరువాత ఆయన కుమారుడు చార్లెస్ ఆ పనిని పెద్ద వ్యాపారంగా పెంచాడు. ఇవాళ చాలా సంఘాలలో ప్రభు బల్ల మీదికి పులియని రసం వస్తున్నదంటే ఆ వంటింటి పనికి అందులో పాలు ఉంది.

మేము చెప్పబోయే పద్ధతి కూడా దాదాపు అదే. అందులోకి ఇటలీ వారి సోడాను కలుపుతున్నాం.

ద్రాక్షరసం తయారీ

గింజలున్న నల్ల ద్రాక్ష ఒక కిలో తీసుకోండి. బెంగళూరు బ్లూ అనే రకం దీనికి బాగా సరిపోతుంది. తొక్క మందంగా, ముదురు రంగులో ఉంటుంది, కాస్త పులుపు కూడా ఉంటుంది. పటమట రైతుబజారులో గానీ, వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్లో గానీ దొరికితే ఆ గుత్తులే అడగండి. గింజలేని పొడుగు ద్రాక్ష తినడానికి బాగుంటుంది కానీ ఈ పానీయానికి మరీ తీపి. ద్రాక్ష దొరకని రోజుల్లో పావు కిలో నల్ల కిస్మిస్ రాత్రి నానబెట్టి, నానిన నీళ్ళతో సహా ఉడికించి ఇలాగే చేసుకోవచ్చు. వాటిలో తీపి ఎక్కువ కనుక లీటరు నీళ్ళు పోయాలి.

గుత్తుల నుంచి పండ్లు విడదీసి, పగిలినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. ఉప్పు వేసిన నీళ్ళలో పావుగంట ఉంచి, పంపు నీళ్ళ కింద రెండు మూడు సార్లు రుద్ది కడగండి. మందులు కొట్టిన పండ్లు కాబట్టి ఇక్కడ బద్ధకించకండి. స్టీలు గిన్నెలో వేసి ఒక గ్లాసు నీళ్ళు పోసి సన్నని సెగ మీద పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం దిగుతుంది. పదిహేను నిమిషాలకు తొక్కలు పగిలి రంగు దిగుతుంది. అప్పుడు పప్పుగుత్తితో మెల్లగా మెదపండి. మిక్సీలో వేయవద్దు. గింజలు నలిగితే చేదు వస్తుంది. ఈ ఒక్క తప్పు వల్లనే చాలామంది "మాకు కుదరలేదు" అంటారు.

ఉతికి మరిగించి ఆరేసిన నూలు గుడ్డలో పోసి దానంతట అది కారనివ్వండి. తొందరపడి గట్టిగా పిండితే మడ్డి దిగుతుంది. అడుగున కొంచెం దిగినా నష్టమేమీ లేదు, తేరుకున్నాక పైది వంచుకోవచ్చు. వచ్చిన రసాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, ఆవిరి లేచి అంచుల వెంట చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేయండి. తెర్లనివ్వకండి, తెర్లితే పండు వాసన పోయి పాకం వాసన వస్తుంది. పది నిమిషాలు నీళ్ళలో మరిగించిన గాజు సీసాలో, సీసా వేడిగా ఉండగానే ఈ వేడి రసం పోసి మూత పెట్టండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. పంచదార ఎక్కడా వేయలేదని గమనించారా? వేయకండి.

మాకు నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. చల్లారిన రసాన్ని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా నిలవ ఉంటాయి. పులుస్తుందన్న భయం ఉండదు. వేసవిలో కరెంటు ఎక్కువసేపు పోయి అవి కరిగిపోతే మాత్రం ఆ రోజే తాగేయండి.

నిలవ రసం మీద బుడగలు తేలినా, మూత తీయగానే బుస్సుమన్నా, కల్లు వాసన తగిలినా పారబోయండి. రుచి చూసి తేల్చుకోవాలని ప్రయత్నించకండి, ముఖ్యంగా మానేసినవారు ఉన్న ఇంట్లో.

గ్లాసులో కలపడం

వైన్‌కు ఆ రుచి తీపి వల్ల రాదు, వగరు వల్ల వస్తుంది. ఆ వగరు మన ఇంట్లో టీ డికాషనులో ఉంది. పాలు, పంచదార లేకుండా కాచి చల్లార్చిన డికాషను రెండు చెంచాలు చాలు. ఇటలీ నుంచి వచ్చిన కాగితంలో ఈ మాట లేదు, ఇది మా క్యాంటీనులో రెండు మూడు సార్లు చేసి చూసి కనిపెట్టుకున్నది.

పొడుగు గ్లాసులో నాలుగు ఐసు ముక్కలు వేయండి. 50 మి.లీ. ద్రాక్షరసం, డికాషను, ఐదారు చుక్కల నిమ్మరసం పోయండి. కొలతకు గ్లాసు లేకపోతే దగ్గు సిరప్పు మీద ఉండే 10 మి.లీ. మూతతో ఐదు సార్లు పోస్తే సరి. తరువాత బాగా చల్లబడిన వట్టి సోడా 150 మి.లీ. గ్లాసు అంచు వెంట నెమ్మదిగా జార్చండి. సోడా చల్లగా ఉంటేనే గ్యాసు నిలుస్తుంది, వెచ్చగా ఉంటే పొంగి పోతుంది. చెంచాతో ఒక్కసారి తిప్పి వదిలేయండి. పైన కమలాపండు చక్రం ఒకటి. అది దొరక్కపోతే బత్తాయి చక్రం వేసుకోండి, మాకైతే అదే నచ్చింది. ఒక లవంగం గుచ్చితే వాసన బాగుంటుంది.

ఐసు సంగతి జాగ్రత్త. కాచి చల్లార్చిన నీళ్ళతో ఇంట్లో చేసుకున్న ఐసే వాడండి. దిమ్మెలుగా అమ్మే ఐసు చేపలు, పండ్ల పెట్టెలు చల్లగా ఉంచడానికి చేసేది, కామెర్లు, టైఫాయిడ్ తెచ్చిపెడుతుంది. సోడా కూడా మీకు తెలిసిన చోట, శుభ్రమైన నీళ్ళతో పట్టినదే తీసుకోండి. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న గోళీ సీసా మన వీధుల్లో ఇంకా బతికే ఉంది. గోళీ సోడా కొట్టి పిల్లల ముందు కలిపితే సగం పండుగ అక్కడే అయిపోతుంది. అయితే ఆ సీసా మెడ లోపల మురికి చేరుతుంది, చూసి తీసుకోండి.

ఎవరికి ఎంత?

షుగరు ఉన్నవారు ఇక్కడ ఆగి చదవండి. 100 గ్రాముల ద్రాక్షలో సుమారు 16 గ్రాముల చక్కెర ఉంటుంది. వట్టి ద్రాక్షరసం ఒక గ్లాసు తాగితే ఆరు చెంచాల పంచదార తాగినట్టే. "పండు రసమే గదా" అని తాగి వచ్చి, పరీక్షలో 300 దాటితే ఆశ్చర్యపోయేవారిని చూస్తూనే ఉన్నాం. మేము చెప్పిన కొలతలో ఒక గ్లాసుకు 8 గ్రాములకు మించదు. అదే 300 మి.లీ. కూల్‌డ్రింకులో 30 గ్రాములు దాటుతుంది. పల్చన చేసే ఇటలీ అలవాటు నిజంగా పనికొచ్చేది ఇక్కడ. షుగరు అదుపులో ఉన్నవారు భోజనంతో పాటు ఒక గ్లాసు తీసుకోవచ్చు. అదుపులో లేనివారు నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, సోడాతో సరిపెట్టుకోండి.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వైన్ మరో రకంగా ప్రమాదం. మద్యాన్ని వదిలించుకునే పనిలో పడిన కాలేయం రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. అర్ధరాత్రి షుగరు పడిపోయి చెమటలు, తడబాటు వస్తాయి. ఇంట్లోవారు తాగి తూలుతున్నాడనుకుని పడుకోబెడతారు. అప్పుడు కావలసింది పంచదార నీళ్ళు, ఆపై ఆసుపత్రి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే తీసుకురండి. టీబీ మందులు వాడేవారికి కాలేయం ముందే శ్రమపడుతూ ఉంటుంది, వారికి మద్యం ఏ రూపంలోనూ వద్దు. మెట్రోనిడజోల్, రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవారికీ అంతే. కిడ్నీ జబ్బు, గుండె బలహీనత వల్ల నీళ్ళు కొలిచి తాగమన్నవారు ఈ సోడా గ్లాసును కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. సోడాలో ఉప్పు పాళ్ళు ఉంటాయి, కాబట్టి ముందు మమ్మల్ని అడగండి.

డైసల్ఫిరామ్ వాడేవారి ఇంటివారికి ప్రత్యేకంగా చెబుతున్నాం. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. మాత్ర ఆపిన మర్నాడే తాగవచ్చనుకోవడం పొరపాటు. ఇంటి వైన్, రమ్ము పోసిన కేకు, మద్యసారం ఉన్న టానిక్కులు అన్నీ ప్రమాదమే. 'మద్యం లేని వైన్' అని అమ్మే సీసాల్లో నూటికి అర పాలు దాకా మద్యసారం ఉండవచ్చు, అవీ వద్దు. భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే మందుగా ఈ మాత్రను కొందరు అడుగుతున్నారు. అలా ఇవ్వము, మీరూ పెట్టవద్దు. తెలియని మనిషి ఆ సాయంత్రం తాగి వస్తే జరిగేది పైన రాశాం.

ఇంకొక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవారు ఈ పాఠం చదివి ఉన్నట్టుండి మానేసి ద్రాక్ష సోడాతో సరిపెట్టుకోవాలనుకుంటే, ఆ నిర్ణయానికి సంతోషిస్తాం, కానీ ముందు మా దగ్గరికి రండి. అకస్మాత్తుగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్సు, లేనివి కనిపించడం జరగవచ్చు. మందులతో, పర్యవేక్షణలో ఆపాలి.

మానేసినవారిలో కొందరికి ఆ ఎర్ర రంగు, ఆ కాడ ఉన్న గ్లాసు చూస్తేనే పాత కోరిక లేస్తుంది. వారిని బలవంతం చేయకండి. ఏం తాగుతారని ముందే అడగండి. స్టీలు గ్లాసులో నిమ్మ సోడా ఇచ్చినా పండుగే.

ఆ పెద్దావిడ జనవరిలో మళ్ళీ వచ్చారు. కోడలు రాయించిన కాగితం వెనకవైపే మేము చెప్పింది రాసుకుని వెళ్ళి, వరండాలో కూర్చుని పద్నాలుగు గ్లాసులు కలిపారట. చెల్లెలి గారింటి నుంచి వచ్చిన జాడీని మూత తీయకుండానే వెనక్కి పంపారు. దాని మీద అక్కచెల్లెళ్ళకు రెండు రోజులు మాటల్లేవు. మనవళ్ళు మూడేసి గ్లాసులు అడిగారు. ఆయన మాత్రం రెండు గుటకలు వేసి, తీపి ఎక్కువైందని చెప్పి మజ్జిగ తెప్పించుకున్నారట. అప్పుడు మేము ఆవిడకు చెప్పిన కొలత 80 మి.లీ. రసం. ఆ తరువాతే దాన్ని 50కి తగ్గించాం.